ఉక్కుకాకి చివరి మాట

తెర మీద ఉక్కుకాకి ఏదో అన్నాడు. ఎవరికీ వినిపించలేదు.

సముద్రపు ఒడ్డున, పొద్దు వాలే వేళ, నల్లటి రెక్కలు ముడుచుకుని నిలబడ్డాడతను. ఎదురుగా పిల్లలు. ముక్కున్న ముసుగు రెండుసార్లు కిందికీ పైకీ ఊగింది. ఆ తర్వాత ఎడమవైపు తిరిగింది. మరుక్షణం పిల్లలందరూ ఒక్కసారిగా పరుగు లంకించుకున్నారు. ఉక్కుకాకి ఒంటరిగా మిగిలాడు. బొమ్మ ఆగిపోయింది.

సెలూన్ మేడగదిలో దీపం వేశారు. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు.

చిగుసా మాత్రం భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. పెళ్లయి రెండు నెలలు కాలేదింకా. 'మా ఆయన' అన్న మాట ఆమె నోట్లో చక్కెరబిళ్లలా ఉంది. కూరల కొట్టుకు వెళ్తే, అడిగినా అడగకపోయినా, మా ఆయనకు ముల్లంగి ఇష్టం అని చెప్పి మరీ వస్తుంది. ఆ ఆయన పేరు రియోహెయ్. పగలంతా వినికిడి యంత్రాల దుకాణంలో ముసలివాళ్ల చెవులకు యంత్రాలు సరిపెడతాడు. మిగతా వేళల్లో కాకిగూడు మనిషి.

తనాబె ఊళ్లో హిసాయొ నడిపే సెలూన్ మేడగదికే కాకిగూడు అని పేరు. యాభై ఏళ్ల కిందట ఇక్కడి టీవీ కేంద్రమొకటి, చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే, రాళ్లగనుల్లోనూ సముద్రపు ఒడ్డునా తీసిన ధారావాహిక ఉక్కుకాకి. అక్కడి పురాణాల్లోని మూడుకాళ్ల కాకి వేషంలో, దుష్టులను మూడోకాలితో తన్నే వీరుడి కథ. కేంద్రం మూతపడి, ఫిల్ములు చెల్లాచెదరయ్యాక, ఈ గూటివాళ్లు ఒక్కో భాగాన్నీ ఒక్కో అటక మీంచి దించుకొచ్చి బతికించుకున్నారు. దొరకనిది చివరి భాగం ఒక్కటే. మొన్న ఆ పాత భవనం కూల్చేటప్పుడు మెట్ల కింద తుప్పుపట్టిన డబ్బాలో అదీ దొరికింది. మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. చిగుసా ఊరగాయల ఇంటి పిల్ల కదా, అందరికంటే ముందు ఆమె ముక్కే పసిగట్టింది. "ఇది పాడవడం మొదలైంది, త్వరపడండి" అంది. త్వరపడ్డారు. బొమ్మ దక్కింది. శబ్దం మాత్రం లేదు. ఆ రోజుల్లో శబ్దాన్ని వేరే పట్టీ మీద ఎక్కించేవాళ్లు. ఆ పట్టీని తుడిచేసి ఇంకే కార్యక్రమానికో వాడేసుకున్నారట.

"'మళ్లీ వస్తాను' అన్నాడు," హిసాయొ తేల్చేసింది. అరవై దాటిన మనిషి, చేతిలో కత్తెర లేకపోయినా మాటతో కత్తిరించగలదు. "నా చెవులారా విన్నాను."

"పిన్నీ, ఆ వారం గవదబిళ్లలొచ్చి పడుకున్నానని మీరే చెప్పారు కదా," అన్నాడు రియోహెయ్.

"గవదబిళ్లలు చెంపలకొస్తాయిరా, చెవులకు కాదు. మరి నీ లెక్క ప్రకారం ఏమన్నాడో?"

"'ఇక మీ వంతు.' ఆ తల తిప్పడం చూడండి. బాధ్యత అప్పజెప్పి పోతున్నాడు."

"అప్పటికి నువ్వు పుట్టనే లేదు. విన్నావా, కొత్తపెళ్లికూతురా, మీ ఆయనకు పుట్టకముందు సంగతులు కూడా గుర్తున్నాయట."

చిగుసా పకపకా నవ్వింది. మీ ఆయన అని ఇంకోసారి అంటుందేమోనని ఎదురుచూసింది కూడా.

ముసుగులో పెదవులు కనపడవు. చేతిరాతలో ఉన్న కథలో ఆ మాట లేదు, చిత్రీకరణ రోజున దర్శకుడు మార్చేశాడు. ఇక మిగిలింది ముసుగులో ఉన్న మనిషే. ఆయన పేరు కురొజుమి. ఎనభై దాటి కుషిమొతొలో చేపలు పట్టుకుంటూ ఉంటాడు. హిసాయొ అప్పటికప్పుడు ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పెట్టింది.

"లోపల నేనేమన్నానంటావా తల్లీ?" ముసలి గొంతు కిచకిచా నవ్వింది. "ఉక్కపోస్తోంది, చచ్చిపోతున్నాను, ఎవరైనా నీళ్లు తెండర్రా అన్నాను. తల ఊపమన్నారు, ఊపాను. తిప్పమన్నారు, తిప్పాను. మాట తర్వాతెప్పుడో స్టూడియోలో ఇంకొకాయన చెప్పాడు. పాపం, ఆయనా పోయాడు. ఆ వారం నేను కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాను, టీవీలో కూడా చూడలేదు." నవ్వు ఆపి అన్నాడు. "ఆ పిల్లలు అలా ఎందుకు పరుగెత్తారో నాకిప్పటికీ తెలీదు. నన్ను చూసి జడుసుకున్నారేమోనని ఉండేది. ఒక్కసారి వింటే బాగుండును."

ఆగస్టులో, పోయిన పెద్దలను తలుచుకునే ఓబొన్ సెలవుల్లో ఊరి హాల్లో ప్రదర్శన. కురొజుమి వస్తున్నాడు. ఆయనకు ఆ మాట వినిపించాలి. రియోహెయ్‌కు అప్పటినుంచి అన్నం సయించడం మానేసింది. అంటే రెండు గిన్నెలు తినేవాడు ఒకటిన్నరకు దిగాడు. చిగుసాకు అది చాలు బెంగపడడానికి.

"ఇళ్లలో వీడియోలు లేని రోజులవి," అన్నాడామెతో. "పిల్లలు టీవీ ముందు క్యాసెట్ రికార్డరు పెట్టి శబ్దం ఎక్కించుకునేవాళ్లు. ఒక్క పిల్లాడు చాలు చిగుసా. ఆ సాయంత్రం మీట నొక్కిన ఒక్కడు."

దుకాణాలన్నింటికీ ప్రకటనలు అంటించారు. ఎవరూ రాలేదు.

*

జూలై ఎండ మండిపోతున్నప్పుడు మినాబెలో చిగుసా పుట్టింట్లో ఊరగాయ పెట్టే పుల్లటి ఉమె పళ్లు ఎండబెడతారు. ఉప్పులో ఊరిన పళ్లను వెదురు తట్టల్లో పరిచి, ఒక్కోదాన్నీ వేళ్లతో తిప్పాలి. తోలు చిరిగితే ఆ పండు పక్కకు పోయినట్టే. సాయానికి వచ్చిన అల్లుణ్ని చిగుసా నాన్న షిగెమిచి ఎగాదిగా చూశాడు. తలకు తెల్లటి తుండు చుట్టుకుని, ఎండకు నల్లబడి, తక్కువ మాట్లాడే మనిషాయన.

"ఏమయ్యా అల్లుడూ, నీ కాకి కులాసానా?"

"కులాసానే మామయ్యగారూ. గొంతు పోయింది అంతే."

"అరిచి అరిచి పోయుంటుంది."

చిగుసా పళ్లు తిప్పుతూనే జరిగిందంతా చెప్పింది. ఫిల్ము వాసనా, గవదబిళ్లలూ, ముసలాయన నీళ్లడగడం, అన్నీ. అమ్మ బార్లీ టీ తెచ్చి ఇస్తూ నవ్వింది. నాన్న నవ్వలేదు.

"నాన్నా, నీ చిన్నప్పుడు చూసే ఉంటావు కదా. చివర్లో ఏమన్నాడో గుర్తుందా?"

షిగెమిచి వేళ్ల కింద ఒక పండు చిరిగింది. నాన్న చేతిలో పండు చిరగడం చిగుసా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తట్ట అవతలి నుంచి రియోహెయ్ కూడా చూశాడు.

"టేపు ఉంది," అన్నాడు షిగెమిచి.

రియోహెయ్ చేతిలోని పండును తట్టలో దించాడు.

"శనివారం ఆ అరగంటసేపు ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదని నేనే శాసనం చేశాను. పదేళ్లవాణ్ని. మా నాన్న కూడా సూప్ చప్పుడు లేకుండా తాగేవాడు. ఆ చివరిరోజున అమ్మ మర్చిపోయింది. తలుపు తోసుకొచ్చి నన్ను స్నానానికి పిలిచింది. సరిగ్గా ఆ మాట మీద."

"సరిగ్గా మాట మీదేనా?" రియోహెయ్ తట్ట మీదుగా ముందుకు వంగాడు.

"సరిగ్గా మాట మీదే. నేనెంత గట్టిగా అరిచానో అదొక్కటే గుర్తుంది. కాకి ఏమన్నాడో గుర్తులేదు. మరుసటి ఏడాది అమ్మ పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు."

"మళ్లీ ఎప్పుడైనా విన్నారా?"

"ఆ పాత యంత్రం టేపును నమిలేస్తే? అందుకే ముట్టుకోలేదు." షిగెమిచి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నీ చేతికిస్తే ఏం చేస్తావు?"

చిగుసా కళ్లతోనే సైగ చేసింది, మెల్లగా చెప్పమని. రియోహెయ్ చూడలేదు. చూసినా అర్థం చేసుకునేవాడు కాదు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు, పెళ్లిచూపుల్లో ఆమె వండిన చేపను కూడా ఉప్పెక్కువైందనే అన్నాడు.

"శుభ్రం చేస్తానండీ. టీవీలో రానిదేదీ ఉంచకూడదని మా గూటి నియమం. కుక్క మొరిగినా, ఎవరైనా దగ్గినా తీసేస్తాం."

"అంటే మా అమ్మనూ తీసేస్తావు."

రియోహెయ్ అవునన్నట్టు తలూపాడు.

"అయితే వద్దులే," అన్నాడు షిగెమిచి. "ఆ వరస తిప్పు."

నాన్న అటు తట్టల దగ్గరికి వెళ్లగానే చిగుసా భర్త మీద విరుచుకుపడింది, గొంతు పెంచకుండా. "నిన్ను అబద్ధం చెప్పమన్నానా? కాస్త ఊపిరి పీల్చుకుని చెప్పొచ్చు కదా."

"ఊపిరి పీల్చుకున్నాక కూడా నియమం అదే."

"నియమంతోనే కాపురం చెయ్యి అయితే."

అదే వాళ్ల మొదటి పోట్లాట. కోపంలోనూ చిగుసాకు ఆ సంగతి తట్టింది, పోట్లాట కూడా మొదలైందంటే నిజంగానే పెళ్లయినట్టే అనిపించి, పెదవి కొరుక్కుంది. రియోహెయ్ తలొంచుకుని పళ్లు తిప్పుతూ పోయాడు. ఒకటి, ఇంకొకటి, వేలికొనలతో, పసిపాప చెవి పట్టుకున్నట్టు. వరస చివరికి చేరేసరికి అతని పెదవులు ఏదో లోపల లోపల వల్లిస్తున్నాయి.

కొండమీంచి మబ్బు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. మొదటి చినుకు తట్ట మీద టప్పుమంది.

"పట్టాలు," అని షిగెమిచి కేకేశాడు.

నలుగురూ నాలుగువైపులా పరుగెత్తారు. గాలికి ప్లాస్టిక్ పట్టా తెరచాపలా ఉబ్బి చిగుసాను లాక్కుపోబోయింది. అమ్మ ఒక చెప్పు పోగొట్టుకుంది. చివరి పట్టాకు ఒక కొస షిగెమిచి, ఇంకో కొస రియోహెయ్ పట్టుకుని మామా అల్లుళ్లిద్దరూ తట్టల మీద వాలిపోయారు. వానలో తడిసి ముద్దవుతూ, కొస వదలకుండానే రియోహెయ్ అరిచాడు.

"మామయ్యగారూ, ముందు ఉన్నదున్నట్టు దింపుతాను. ఏమీ తియ్యను. ఆ మొదటి ప్రతి మీది. విన్నాక ఏం చెయ్యాలో మీరు చెప్పండి. వద్దంటే చివరి భాగం మూగగానే ఆడుతుంది. కురొజుమి గారికి నేనే క్షమాపణ చెప్పుకుంటాను."

"అంత పెద్దాయనకు చెప్పుకుంటావా?"

"చెప్పుకుంటాను."

షిగెమిచి పట్టా కొస మీద రాయి పెట్టి, కాస్త ఎత్తి లోపలికి చూశాడు. "నువ్వు తిప్పిన వరసలో ఒక్కటీ చిరగలేదే."

"రోజూ ముసలివాళ్ల చెవుల్లో వేళ్లు పెట్టే పనే కదండీ."

షిగెమిచి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు చూసి చిగుసా వానలోనే నిలబడిపోయింది. లోపలికి వెళ్లాక ఆయన అల్మరా అడుగు నుంచి సముద్రపునాచు డబ్బా ఒకటి తీశాడు. అందులో క్యాసెట్. దాని మీద పిల్లరాతలో: 'ముట్టుకుంటే మూడోకాలి తన్ను.'

*

సోమవారం సెలూన్‌కు సెలవు. రియోహెయ్ క్యాసెట్ మరలు విప్పి, టేపును కొత్త పెట్టెలోకి మార్చి, వేలితో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూశాడు. చిగుసా దీపం పట్టుకుంది. షిగెమిచి పెళ్లినాటి చొక్కా వేసుకుని వచ్చాడు. హిసాయొ ఆయన్ను కూర్చోబెట్టి, ఊరికే ఉండలేక మెడ వెనక వెంట్రుకలు కత్తిరించేసింది.

బొమ్మనూ టేపునూ ఒకేసారి మొదలుపెట్టారు. బుసబుసమనే శబ్దంలోంచి బాకాల సంగీతం లేచింది. మూగగా తన్నుకుంటున్న ఉక్కుకాకికి ఒక్కసారిగా గొంతొచ్చింది, తన్నులకు చప్పుడొచ్చింది, సముద్రానికి హోరొచ్చింది. హిసాయొ కుర్చీ చేతులు పట్టుకుని చిన్నపిల్లలా ముందుకు వంగింది. చిగుసా ఒళ్లంతా పులకరించింది.

పొద్దు వాలింది. తెర మీద ముసుగు మొదటిసారి ఊగింది. టేపులో తలుపు కిర్రుమంది.

"షిగెమిచీ, నీళ్లు కాగినయ్ రా. నాన్న ఇంకా తింటున్నాడు. ఇవాళ నువ్వే ముందు దిగు."

"అబ్బా, అమ్మా, ఇప్పుడేనా!"

అడుగున ఎక్కడో, బావిలోంచి వచ్చినట్టు, ఉక్కుకాకి గొంతు గుణిసింది. ఒక్క ముక్కా తెలియలేదు. పిల్లలు పరుగెత్తారు. ముగింపు పాట మొదలైంది.

రియోహెయ్ మళ్లీ వినిపించాడు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ మీటా ఈ మీటా తిప్పి, కాసేపటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి. ఆవిణ్ని తీస్తే ఆయనా పోతాడు."

షిగెమిచి వినడంలేదు. "ఆ టక్ మన్న చప్పుడు విన్నారా," అన్నాడు నెమ్మదిగా. "నాన్న సూప్ గిన్నె కింద పెట్టాడు. అమ్మ మాట్లాడేసింది కదా, ఇంక ఫర్వాలేదనుకున్నాడు."

పాట నడుస్తోంది. రియోహెయ్ ఆపబోయాడు. చిగుసా అతని మణికట్టు పట్టుకుంది. "ఆపకు. నాన్నను మొత్తం విననీ."

పాట అయిపోయింది. ఎవరో సబ్బు ప్రకటన చెప్పారు. అదీ సగంలో ఆగింది. తర్వాత గరగరమని ఏదో జరిపిన చప్పుడు, బాగా దగ్గరగా ఊపిరి. ఒక పిల్లాడు గొంతు లావు చేసుకుంటూ మాట్లాడాడు.

"'చీకటి పడుతోంది. ఇక ఇళ్లకు పొండి. అదిగో, మిమ్మల్ని పిలుస్తున్నారు.'"

ఆ వెంటనే మామూలు గొంతుతో:

"ఉక్కుకాకి ఇలా అన్నాడు. మధ్యలో అమ్మ వచ్చింది కాబట్టి నేను చెబుతున్నాను. అయిపోయింది."

క్లిక్.

రియోహెయ్ బొమ్మను వెనక్కి జరిపాడు. ఈసారి అందరూ పెదవులు కదుపుతూ చూశారు. చీకటి పడుతోంది, ముసుగు ఊగింది. ఇక ఇళ్లకు పొండి, ఇంకోసారి ఊగింది. అదిగో, తల ఎడమవైపు తిరిగింది. అటువైపు, బొమ్మ అంచున, ఇన్నిసార్లు చూసినా ఎవరూ పట్టించుకోని నాలుగు పెంకుటిళ్లూ, ఒక వెలుగుతున్న కిటికీ. మిమ్మల్ని పిలుస్తున్నారు. పిల్లలు పరుగెత్తారు.

రియోహెయ్ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి భార్యను అమాంతం ఎత్తి తిప్పేశాడు. ఆమె కాలు తగిలి షాంపూ సీసాల బల్ల కూలింది. ఎవరికీ పట్టలేదు. షిగెమిచి రెండు చేతులతో మొహం రుద్దుకుంటూ, "నేనా? నేనా అలా చెప్పింది?" అంటూనే ఉన్నాడు. హిసాయొ గుండె మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది.

"గవదబిళ్లలే అయ్యుంటాయిలే," అంది చివరికి.

నవ్వులు సద్దుమణిగాక రియోహెయ్ మామగారి వైపు చూశాడు. "చెప్పండి. ఏది ఉంచమంటారు?"

షిగెమిచి జవాబు చెప్పేలోపే హిసాయొ గొంతు సవరించుకుంది. ఆ నియమం పెట్టిందీ, ఇన్నేళ్లు కాపలా కాసిందీ ఆమే. "టీవీలో రానిది ఉంచకూడదు, నిజమే. ఆవిడ టీవీలో రాలేదు. కానీ ఆ కాకి చెప్పిందేమిటి? అదిగో, పిలుస్తున్నారు అని. పిలుస్తున్నది ఎవర్రా మరి? ఆవిడే కదా. తీస్తే కత్తెర నా చేతిలోనే ఉంది, గుర్తుపెట్టుకో."

*

ప్రదర్శన రోజున హాలు నిండిపోయి గోడల వెంట కూడా నిలబడ్డారు. ఒసాకా నుంచీ, నగోయా నుంచీ వచ్చినవాళ్లు, నల్ల రెక్కల చొక్కాలు వేసుకున్నవాళ్లు, మనవల్ని భుజాలకెక్కించుకున్న తాతలు. మొదటి వరసలో కురొజుమి చేతికర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే చిగుసా. పెళ్లిరోజున కూడా అంత కంగారు పడలేదు.

తలుపు కిర్రుమంది. నీళ్లు కాగినయ్ రా అన్న గొంతు హాలంతా నిండింది. జనం ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత గొల్లుమన్నారు. ఆ వయసువాళ్లందరి ఇళ్లలోనూ అదే గొంతు ఉండేది మరి. ముగింపు పాట కూడా ఆ నవ్వుల్లోనే సాగిపోయింది. పిల్లాడి ఊపిరి వినపడగానే నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి.

చీకటి పడుతోంది. ఇక ఇళ్లకు పొండి. అదిగో, మిమ్మల్ని పిలుస్తున్నారు.

కురొజుమి కర్ర మీది చేతులు కదల్లేదు. "అయితే," అన్నాడు చిగుసా వైపు వంగి, "నన్ను చూసి జడుసుకోలేదన్నమాట."

"లేదండీ. అన్నానికి పరుగెత్తారు."

ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు. కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఆ పిల్లాడెవరు?"

వెనక వరసలో షిగెమిచి బడిలో లాగా చెయ్యెత్తాడు. కురొజుమి లేచి, చేతికర్రను మూడోకాలుగా ముందుకు చాపి, ఉక్కుకాకి నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ పిల్లాడికి తల వంచాడు. షిగెమిచి ఇంకా కిందికి వంచాడు. ఆయన ఇంకా. ఎవరు ముందు తలెత్తుతారో తెలియక ఇద్దరూ అలాగే ఉండిపోతే, హిసాయొ వచ్చి "నడుములు పట్టేస్తాయి, చాలించండి" అని విడదీసింది. అప్పుడు మోగిన చప్పట్లకు హాలు పైకప్పు అదిరింది.

ఆ సాయంత్రం మినాబెలో, చిగుసా, రియోహెయ్ ఇంటి ముందు సైకిళ్లు ఆపుతుండగానే కట్టెల పొగ వాసన తగిలింది. ఇంటికి ముందే చేరిన షిగెమిచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు. ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు ఒకే తొట్టి నీళ్లలో దిగే ఆ ఇంట్లో మొదటి స్నానం ఎప్పుడూ ఆయనదే. కూతురి పెళ్లికి ముందైనా తర్వాతైనా ఎవరూ ఆ తొట్టిలోకి ఆయనకంటే ముందు దిగి ఎరగరు.

"అల్లుడూ, నీళ్లు కాగాయి," అన్నాడు. "ఇవాళ నువ్వే ముందు దిగు."

రియోహెయ్ ఏమనాలో తెలియక వంగి దండం పెట్టి, తుండు తీసుకుని లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి స్నానాలగదిలోంచి ఉక్కుకాకి ముగింపు పాట అపశ్రుతిలో మొదలైంది. రెండో చరణం దగ్గర ఆగింది.

"చిగుసా, సబ్బెక్కడుంది?"

తన పేరును అలా గోడ అవతలి నుంచి పిలవడం ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇంకోసారి పిలిచేదాకా జవాబు చెప్పకుండా వంటగదిలోనే నిలబడింది.